బుతెలేజీ తెల్లవాళ్ళ తొత్తా, జులూల పెద్దదిక్కా?

ప్రశ్న ఇదీ: "మండేలా గురించి ఏం చదివినా మధ్యలో మంగోసుతు బుతెలేజీ అనే జులూ నాయకుడి పేరు తగులుతోంది. ఒకరు తెల్లవాళ్ళ తొత్తు అంటారు, ఇంకొకరు జులూల పెద్దదిక్కు అంటారు. 2023లో పోతే ప్రభుత్వ లాంఛనాలతో సాగనంపారు. ఇంతకీ ఏది నిజం?"

రెండూ నిజమేనని చెప్పి చేతులు దులుపుకోవచ్చు. అది గోడమీద పిల్లివాటం. నేను దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో పదమూడేళ్ళు ఉద్యోగం చేశాను. పని మీద జులూల ఊళ్ళైన మెల్మొత్, ఉలుండి వైపు చాలాసార్లు తిరిగాను. అక్కడ ఈ పేరెత్తితే మనుషుల గొంతు మారుతుంది. ఒక ఊళ్ళో గౌరవంగా "షెంగే" అంటారు. అది ఆయన వంశాన్ని పొగుడుతూ పిలిచే పేరు. ఇంకో పేటలో మాట మార్చేసి వాన గురించి మాట్లాడతారు. నాకు అర్థమైనంతలో ఆయన రాజకీయమంతా "కాదు" అనడంలో ఉంది. కాకపోతే చాలా ఏళ్ళు ఆ "కాదు" అన్నది ప్రిటోరియాలోని తెల్లవాళ్ళ ప్రభుత్వం వేసిన కుర్చీలో కూర్చుని. కుర్చీని వదిలేసి "కాదు"నొక్కదాన్నే చూస్తే వీరుడిలా కనిపిస్తాడు, "కాదు"ను వదిలేసి కుర్చీని చూస్తే తొత్తులా కనిపిస్తాడు.

ముందు ఆయన పార్టీ పేరు చూద్దాం. ఇంకాథా. నెత్తిన బిందె పెట్టుకునే ముందు మన ఆడవాళ్ళు గుడ్డ చుట్టి పెట్టుకునే చుట్టకుదురు లేదూ, అదే. జులూ ఆడవాళ్ళు దాన్ని గడ్డితో చుడతారు. రాజు దగ్గర ఉండే ఇంకాథా మాత్రం వేరు. అది పవిత్రమైన పెద్ద గడ్డిచుట్ట, జాతి మొత్తాన్ని కట్టి ఉంచేది అదేనని నమ్మకం. 1879 యుద్ధంలో బ్రిటిష్ సేనలు రాచకొట్టాలను తగలబెట్టినప్పుడు అదీ కాలి బూడిదైంది. 1920లలో సొలొమన్ రాజు ఆ పేరుతో ఒక సంఘం పెట్టాడు గానీ అది ఎక్కువ కాలం నిలవలేదు. 1975 మార్చిలో బుతెలేజీ మళ్ళీ ఆ పేరే ఎత్తుకున్నాడు. కాలిపోయిన కుదురును మళ్ళీ చుడతానన్నాడన్నమాట. పల్లెలో ముసలమ్మకు కూడా ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేని గుర్తు అది. ఈ విషయంలో ఆయన తెలివిని తక్కువ అంచనా వేసినవాళ్ళు తర్వాత చాలా బాధపడ్డారు.

పుట్టింది 1928 ఆగస్టు 27న, మహ్లబతిని ప్రాంతంలో. తల్లి వైపు రాజులు, తండ్రి వైపు మంత్రులు. తల్లి మగోగో, దినుజులు రాజు కూతురు, తానే పాటలు కట్టి పాడిన గొప్ప గాయని. దినుజులు తండ్రి కెత్చ్వాయో. 1879లో ఇసండ్ల్వానా దగ్గర బ్రిటిష్ సైన్యాన్ని ఓడించింది ఆయన సేనలే. ఆ కెత్చ్వాయోకు ప్రధానిగా ఉన్న మ్న్యామన బుతెలేజీ, మన మంగోసుతుకు తండ్రి వైపు ముత్తాత. 1964లో బ్రిటిష్ వాళ్ళు ఆ యుద్ధం మీద "జులు" అనే సినిమా తీస్తే అందులో కెత్చ్వాయో వేషం ఈయనే వేశాడు. ముత్తాత వేషం ముని మనవడు కట్టడమన్నమాట. చిరుతపులి తోలు కప్పుకుని సభలకు వచ్చే ఆ తర్వాతి బుతెలేజీని చూసి నవ్వినవాళ్ళున్నారు. ఆయనకు అది వేషం కాదు, ఇంట్లో బట్టలే.

అలాగని పాతకాలపు దొర అనుకోకండి. ఆడమ్స్ కాలేజీలో చదివి, 1948లో ఫోర్ట్ హేర్ విశ్వవిద్యాలయంలో చేరాడు. నల్లవాళ్ళ నాయకత్వమంతా తయారైన చోటు అది. అక్కడే మండేలా పార్టీ ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ (ఇకపై కాంగ్రెస్ అంటే ఇదే) యువజన విభాగంలో చేరాడు. గవర్నర్ జనరల్ వస్తే విద్యార్థులు నిరసన చేశారు, 1950లో ఈయన్ని వెళ్ళగొట్టారు. డిగ్రీ నటాల్ విశ్వవిద్యాలయంలో పూర్తిచేశాడు. 1953లో బుతెలేజీ తెగకు పెద్దగా బాధ్యత తీసుకున్నాడు, ప్రభుత్వం గుర్తించింది 1957లో. ఇక్కడే మొదటి ముడి పడింది. అప్పటికే బంటు అథారిటీస్ చట్టం వచ్చి తెగపెద్దలంటే జీతాలిచ్చే ఉద్యోగుల కింద లెక్కయ్యారు. లుతూలీ లాంటి కాంగ్రెస్ పెద్దలే వెళ్ళి ఆ పదవి తీసుకోమన్నారని, లోపల ఉండి పోరాడమన్నారని ఆయన జీవితాంతం చెప్పుకున్నాడు. మిత్రులు కూడా చాలాకాలం దాన్ని కాదనలేదు.

1970లలో వర్ణవివక్ష ప్రభుత్వం ఎత్తు ఏమిటో తెలిస్తేగానీ ఈయన పెద్ద "కాదు" విలువ తెలియదు. నల్లవాళ్ళందరినీ భాషను బట్టి పది "హోమ్‌ల్యాండ్"లుగా పంచి, ఒక్కోదానికీ స్వాతంత్ర్యం అంటగట్టాలి. ఆ రోజు నుంచి ఆ భాషవాళ్ళు దక్షిణాఫ్రికా పౌరులు కారు. జొహాన్నెస్‌బర్గ్ గనిలో పనిచేసేవాడు సొంత దేశంలోనే పరదేశి. 1976లో ట్రాన్స్‌కై ఒప్పుకుంది. తర్వాత బోఫుతత్స్వానా, వెండా, సిస్కై వరుసగా తలూపాయి. అన్నిటికంటే పెద్ద జాతి జులూలు. వాళ్ళకు కేటాయించిన హోమ్‌ల్యాండ్ క్వాజులూ. దాని ముఖ్యమంత్రి బుతెలేజీ తల అడ్డంగా ఊపాడు. మండేలాను వదిలితే తప్ప ప్రభుత్వంతో చర్చలు లేవన్నాడు, చివరిదాకా ఆ మాట మీదే ఉన్నాడు. నా లెక్కలో ఇది ఆయన జీవితంలో అన్నిటికంటే పెద్ద పని. క్వాజులూ కూడా సంతకం పెట్టి ఉంటే, "దక్షిణాఫ్రికాలో నల్లవాళ్ళు మెజారిటీయే కాదు" అని కాగితం మీద చూపించడం ప్రిటోరియాకు సులువయ్యేది.

ఇప్పుడు కుర్చీ సంగతి. ఆయన పదవి పేరు అచ్చంగా ముఖ్యమంత్రే. కానీ మన ముఖ్యమంత్రిలా ఊహించుకోకండి. క్వాజులూ ఒక్కచోట ఉన్న రాష్ట్రం కాదు. తెల్లవాళ్ళ చెరకుతోటల మధ్య చిరిగిన చొక్కా అతుకుల్లా చెల్లాచెదురుగా పడి ఉన్న ముక్కలు. డర్బన్ చెంతనే ఉన్న ఉమ్లాజీ, క్వామషు లాంటి నల్లవాళ్ళ పేటలూ అందులోవే. ఖజానాలో డబ్బు చాలామటుకు ప్రిటోరియా నుంచి రావాల్సిందే. ఆ డబ్బుతోనే బడులు, ఆస్పత్రులు, ముసలివాళ్ళ పింఛన్లు, టీచరు ఉద్యోగాలు, దుకాణం లైసెన్సులు, ఇంటిస్థలం. వీటికోసం ఎవరి దగ్గరికి వెళ్ళాలి? తెగపెద్ద దగ్గరికి. తెగపెద్ద ఎవరు? ఇంకాథా మనిషి. శాసనసభలో కూర్చున్నవాళ్ళూ ఇంకాథావాళ్ళే. బడిలో పిల్లలకు "ఉబుంటు-బోతో" పేరుతో ఇంకాథా సిద్ధాంతం ఒక పాఠ్యాంశం. పోలీసు శాఖ ముఖ్యమంత్రి చేతిలోనే. జేబులో ఇంకాథా కార్డు లేకపోతే పని కాదన్న మాట ఆ రోజుల్లో ఊరూరా ఉండేది. పథకం కాగితం ఎవరి చేతి మీదుగా వస్తుందో దాన్నిబట్టి ఊరి రాజకీయం ఎలా మారుతుందో మనవాళ్ళకు నేను కొత్తగా చెప్పాలా?

మొదట్లో కాంగ్రెస్‌కూ ఇంకాథాకూ పొత్తు బాగానే ఉంది. ప్రవాసంలో ఉన్న కాంగ్రెస్ నాయకుడు ఆలివర్ టాంబో అండతోనే ఇంకాథా మొదలైంది. జెండా రంగులు కూడా కాంగ్రెస్‌వే: నలుపు, ఆకుపచ్చ, పసుపు. 1979 అక్టోబరులో లండన్‌లో టాంబో, బుతెలేజీ కూర్చుని మాట్లాడుకున్నారు, అక్కడే తెగింది. సాయుధపోరాటం వద్దు, విదేశీ ఆంక్షలు వద్దు, ఆంక్షలతో ముందు రోడ్డున పడేది నల్ల కార్మికుడే అని బుతెలేజీ వాదన. నిజానికి అది పిచ్చివాదన ఏమీ కాదు. కానీ అదే మాట థాచర్, రీగన్ కూడా చెబుతుంటే, వాళ్ళ పక్కన నిలబడి ఫోటోలు దిగుతుంటే, జొహాన్నెస్‌బర్గ్ పక్కన నల్లవాళ్ళ పేట సొవెటోలో ఉండే కుర్రాడికి అది ఎలా వినపడుతుంది? 1983లో కాంగ్రెస్‌కు దగ్గరగా ఉండే సంఘాల కూటమి యునైటెడ్ డెమొక్రాటిక్ ఫ్రంట్ పుట్టాక, డర్బన్ ఉన్న నటాల్ రాష్ట్రంలో పోటీ వీధుల్లోకి దిగింది.

1985 ఆగస్టులో డర్బన్‌లో వర్ణవివక్షను ఎదిరించిన విక్టోరియా మ్క్సెంగే అనే న్యాయవాదిని చంపేశాక అల్లర్లు రేగి, ఊరి శివారులోని ఇనాండాలో భారతీయుల ఇళ్ళు, కొట్లు దోచుకున్నారు. గాంధీ 1904లో కట్టుకున్న ఫీనిక్స్ ఆశ్రమం కాలిపోయింది. 1860 నుంచి చెరకుతోటల కూలీలుగా మద్రాసు రేవు దాటి వచ్చిన తెలుగు, తమిళ కుటుంబాల వారసులు ఆ చుట్టుపక్కలే ఉంటారు. నాయుడు అనే ఇంటిపేరు అక్కడ వీధికొకటి. 1949 అల్లర్లలో 142 మంది చనిపోయిన జ్ఞాపకం వాళ్ళలో ఇంకా పచ్చిగానే ఉంది. 1985 అల్లర్లను ఇంకాథా తలకు చుట్టడం సరికాదు, అక్కడ చాలా చేతులున్నాయి. నేను చూసినంతలో అక్కడి మనవాళ్ళలో పెద్ద వయసువాళ్ళకు బుతెలేజీ అంటే భయమూ ఉంది, "శాంతిభద్రతల మనిషి" అన్న నమ్మకమూ ఉంది. రెండూ ఒకే ఇంట్లో ఉంటాయి.

ఇక దాచలేని భాగం. 1986లో సుమారు 200 మంది ఇంకాథా కుర్రాళ్ళను దక్షిణాఫ్రికా సైన్యం రహస్యంగా ఇప్పటి నమీబియాలోని కాప్రివీకి తీసుకెళ్ళి శిక్షణ ఇచ్చింది. ఆ ఏర్పాటుకు "ఆపరేషన్ మారియన్" అని పేరు. 1987 జనవరిలో క్వామఖుతా అనే పేటలో ఒక ఇంటి మీద రాత్రిపూట కాల్పులు జరిపి 13 మందిని చంపారు, ఎక్కువమంది ఆడవాళ్ళూ పిల్లలే. ఆ కేసులో మాజీ రక్షణమంత్రి మాగ్నస్ మలాన్‌తో సహా నిందితులందరూ 1996లో నిర్దోషులుగా బయటికొచ్చారు. 1991 జులైలో ఇంకో గుట్టు రట్టయింది. ఇంకాథా సభలకు పోలీసు భద్రతా విభాగం 2,50,000 ర్యాండ్లు చాటుగా ఇచ్చిందని పత్రికలు బయటపెట్టాయి. తనకు తెలియదన్నాడు బుతెలేజీ. డబ్బు తిరిగిచ్చేశారు. తెలియదన్న మాట నమ్మాలా? ప్రతి సభలో ప్రతి మాటా రాయించుకుని చదివే మనిషి ఆయన. 1993 మార్చిలో క్వాజులూ శాసనసభలో 11 రోజుల పాటు, రోజుకు సుమారు రెండున్నర గంటలు ప్రసంగం చదివి గిన్నిస్ పుస్తకానికెక్కాడు. అంత వివరం చూసుకునేవాడికి ఇది మాత్రం తెలియలేదంటే నాకు గొంతు దిగదు.

1990లో మండేలా విడుదలైన నెలలోనే డర్బన్ వచ్చి, మీ కత్తులూ తుపాకులూ సముద్రంలో పారేయండని చెప్పాడు. ఎవరూ పారేయలేదు. నెల తిరక్కుండా మార్చిలో పీటర్‌మరిట్జ్‌బర్గ్ చుట్టూ ఏడు రోజుల యుద్ధం జరిగింది. వలస కార్మికుల హాస్టళ్ళ మీదుగా అది జొహాన్నెస్‌బర్గ్ దాకా పాకింది. 1992 జూన్‌లో ఆ నగరానికి దక్షిణాన ఉన్న బొయిపటోంగ్‌లో 45 మంది చనిపోయారు. కాంగ్రెస్ వైపు నుంచి కూడా హత్యలు జరిగాయి. ఇంకాథా కార్యకర్తలు వందల సంఖ్యలో పోయారు, బుతెలేజీ ఆ లెక్క ఎప్పుడూ చెప్పేవాడు. వర్ణవివక్ష కాలపు నేరాలను విచారించిన ట్రూత్ కమిషన్ 1998లో ఇచ్చిన నివేదిక ఇంకాథా పాత్రను తీవ్రంగా తప్పుపట్టి, నాయకుడిగా ఆయన్నీ బాధ్యుణ్ణి చేసింది. ఆయన ఒప్పుకోలేదు, కోర్టుకెళ్ళాడు. తాను ఎవరినీ చంపమనలేదని, అయినా తనవాళ్ళు చేసినదానికి క్షమాపణ చెబుతున్నానని 1996లో కమిషన్ ముందు అన్నాడు. అంతకు మించి ఎప్పుడూ వెళ్ళలేదు. నాకు ఆయన మీద ఉన్న పెద్ద ఫిర్యాదు ఇదే.

1994 ఎన్నికల కథ సినిమాలా ఉంటుంది. జులూ రాజు స్థానానికీ, రాష్ట్రాల అధికారాలకూ హామీ లేనిదే పోటీ చేయనన్నాడు. ఏప్రిల్‌లో అమెరికా, బ్రిటన్ మాజీ విదేశాంగ మంత్రులు కిసింజర్, కారింగ్టన్ మధ్యవర్తులుగా వచ్చి ఏమీ తేల్చలేక విమానం ఎక్కేశారు. వాళ్ళతో వచ్చిన కెన్యా ప్రొఫెసర్ వాషింగ్టన్ ఒకుము మాత్రం ఆగాడు. బుతెలేజీ విమానం బయల్దేరాక ఏదో లోపం చూపించి వెనక్కి తిరిగిందని, అలా ఇద్దరూ విమానాశ్రయంలో కలిశారని చెబుతారు. దేవుడే తిప్పాడని బుతెలేజీ నమ్మాడు. ఏప్రిల్ 19న ఒప్పందం కుదిరింది, పోలింగ్ 26న మొదలు. అప్పటికే సుమారు 8 కోట్ల బ్యాలెట్ పత్రాలు అచ్చయిపోయి ఉన్నాయి. ఏం చేయాలి? ఇంకాథా పేరు, గుర్తు, నాయకుడి ఫోటోతో పొడుగాటి స్టిక్కర్లు అచ్చువేసి, ప్రతి పత్రం అడుగున చేత్తో అతికించారు. దేశవ్యాప్త బ్యాలెట్‌లో 18 పార్టీల కింద పందొమ్మిదోది, మిగతావాటి కంటే కాస్త ఉబ్బెత్తుగా. ఆయన రాజకీయ జీవితానికి అంతకంటే మంచి బొమ్మ నాకు ఇంకోటి దొరకలేదు: చివరి నిమిషంలో వచ్చి, అందరికంటే కింద అతుక్కుని, చేయి తగిలితే మాత్రం తెలిసిపోయేలా.

ఆ వారంలోనే ఇంకో పని చడీచప్పుడు లేకుండా జరిగింది. సుమారు 28 లక్షల హెక్టార్ల క్వాజులూ భూమిని రాజు పేరుతో ఇంగోన్యామా ట్రస్టు కింద పెడుతూ క్వాజులూ శాసనసభ చట్టం చేసింది, అప్పటి అధ్యక్షుడు డి క్లార్క్ ఎన్నికల ముందు సంతకం పెట్టేశాడు. ఆ భూముల గొడవ ఇప్పటికీ తీరలేదు. ఇక ఫలితాలు: క్వాజులూ, నటాల్ కలిపి ఏర్పడ్డ క్వాజులూ-నటాల్ రాష్ట్రంలో ఇంకాథాకు 50.3 శాతం, 81 సీట్లలో 41. దేశం మొత్తం మీద పదిన్నర శాతం. లెక్కింపులో అక్రమాలున్నాయని అక్కడి కాంగ్రెస్ వాళ్ళు గోల పెట్టినా, రక్తం ఆగితే చాలని మండేలా వాళ్ళను ఆపాడు.

చాలామంది పొరబడే విషయం ఒకటి. అలా గెలిచిన రాష్ట్రానికి ప్రీమియర్, అంటే మన ముఖ్యమంత్రి లాంటివాడు, అయింది బుతెలేజీ కాదు, ఫ్రాంక్ మ్డ్లలోసే. బుతెలేజీ కేంద్రానికి వెళ్ళి 1994 నుంచి 2004 దాకా హోం వ్యవహారాల మంత్రిగా ఉన్నాడు. మన హోంశాఖలా పోలీసులు అందులో ఉండరు. అక్కడ ఆ శాఖ అంటే జనన ధ్రువపత్రాలు, గుర్తింపు పుస్తకాలు, పాస్‌పోర్టులు, వలసలు. 2002 నాటి ఇమ్మిగ్రేషన్ చట్టం ఆయన హయాంలోదే. ఆ తర్వాత మనవాళ్ళు వర్క్ పర్మిట్లు తీసుకుని వెళ్ళింది దానికిందే. అధ్యక్షుడు మండేలా, ఉపాధ్యక్షుడు ఎంబేకి ఇద్దరూ ఊళ్ళో లేనప్పుడు తాత్కాలిక అధ్యక్షుడిగా కూర్చోబెట్టేవాళ్ళు. 1998 సెప్టెంబరులో పొరుగు దేశం లెసోతోలోకి సైన్యం వెళ్ళింది ఆయన ఆ కుర్చీలో ఉండగానే. పదేళ్ళ క్రితం శత్రువుగా చూసిన మనిషి చేతికి దేశం తాళాలిచ్చి వెళ్ళడం మండేలా పద్ధతి. 1999లో, తాను అధ్యక్షుడయ్యాక, ఎంబేకి ఉపాధ్యక్ష పదవి ఇస్తానన్నాడు, బదులుగా రాష్ట్ర ప్రీమియర్ పదవి కాంగ్రెస్‌కు వదలాలి. ఇక్కడా "కాదు" అన్నాడు. ఆ పదవి జేకబ్ జుమాకు పోయింది. తర్వాత జుమా అధ్యక్షుడై, అవినీతి ఆరోపణల మధ్య దేశానికి ఏమైందో మీకు తెలుసు. ఆ ఒక్క "కాదు" ఖరీదు ఎంతో ఎవరు లెక్కకడతారు?

ఎయిడ్స్ విషయంలో మాత్రం ఆయనకు నేను దణ్ణం పెడతాను. ఎంబేకి ప్రభుత్వం వైరస్సే కారణమా అని సందేహాలు వెలిబుచ్చుతున్న రోజుల్లో, 2002లో ఇంకాథా ప్రీమియర్ లయొనెల్ మ్త్షాలీ కేంద్రాన్ని ధిక్కరించి గర్భిణులకు నెవిరాపిన్ మందు ఇప్పించాడు. 2004లో బుతెలేజీ కొడుకూ కూతురూ నెలల తేడాలో పోయారు. ఇద్దరూ ఎయిడ్స్‌తోనే పోయారని తండ్రి బహిరంగంగా చెప్పాడు. చుట్టుపక్కల ప్రతి చావునూ "క్షయ" అనో "నిమోనియా" అనో దాచుకునే కాలం. రాచకుటుంబం పెద్ద నోటి నుంచి ఆ మాట రావడం పల్లెల్లో ఎంత పనిచేసిందో ఉలుండి వైపు నర్సులను అడిగితే చెబుతారు.

అక్కణ్ణుంచి పార్టీ జారుడుబండ మీద ఉంది. 2004లో రాష్ట్రంలో కాంగ్రెస్ ముందుకు పోయింది, ఆయన మంత్రి పదవీ పోయింది. కుర్చీ ఎవరికీ వదలడన్న కోపంతో 2011లో జనెలె మగ్వాజా-మ్సిబి విడిపోయి నేషనల్ ఫ్రీడమ్ పార్టీ పెట్టుకుంది. 44 ఏళ్ళ తర్వాత, 2019లో, వెలెంకోసిని హ్లబిసాకు పగ్గాలిచ్చాడు. అప్పటికి ఆయనకు 91 నిండవస్తున్నాయి. 2021 మార్చిలో గుడ్‌విల్ జ్వెలితిని రాజు పోయాక, వారసత్వం గొడవలో రాచకుటుంబ ప్రధానిగా ఆ రాజు కొడుకు మిసుజులు పక్షాన నిలబడి గెలిపించాడు. ఆ తర్వాత ఇంగోన్యామా ట్రస్టు బోర్డు విషయంలో ఆ కొత్త రాజుతోనే మాటపట్టింపు వచ్చింది. 2023 సెప్టెంబరు 9న, 95 నిండిన రెండు వారాలకు కన్నుమూశాడు. ఉలుండిలో అంత్యక్రియలకు దేశాధ్యక్షుడు రామఫోసా వచ్చి మాట్లాడాడు. అదే రోజు క్వామఖుతా పేరు తలుచుకున్నవాళ్ళూ ఉన్నారు, తలుచుకోవడం సబబే.

తొత్తు అన్న మాట నేను వాడను. తొత్తయితే 1976లోనే సంతకం పెట్టేవాడు. యోధుడు అన్న మాటా వాడను, ఆయన మనుషులకు శిక్షణ ఇచ్చింది ఎవరో తెలిశాక.

ఇంకో సంగతి చెప్పి ఆపుతాను. 2024 ఎన్నికల్లో జుమా కొత్త పార్టీ క్వాజులూ-నటాల్‌లో 80కి 37 సీట్లు కొట్టింది. ఇంకాథాకు 15, కాంగ్రెస్‌కు 14, డెమొక్రాటిక్ అలయన్స్‌కు 11. ఈ ముగ్గురూ కలిసినా 40 దగ్గరే ఆగిపోయారు. ఇంకాథా మనిషి తామీ న్తులి ప్రీమియర్ కావడానికి తక్కువైన ఆ ఒక్క ఓటు వేసింది ఎవరనుకున్నారు? 2011లో బుతెలేజీ మీద అలిగి వెళ్ళిపోయిన నేషనల్ ఫ్రీడమ్ పార్టీకి మిగిలిన ఏకైక సభ్యురాలు.